మామగారి కళ్లు తెరిచిన ఫోటో

మా ఇంట్లో నేను తుమ్మబోతున్న సంగతి నాకంటే ముందు మా ఆవిడకు తెలుస్తుంది. నా ముక్కు ఎగరకముందే చేతిలో ఉన్న కాఫీ గ్లాసు మెల్లగా తీసి పక్కన పెట్టేస్తుంది. మొదట్లో ఇదంతా ప్రేమ అనుకుని పొంగిపోయాను. సాధన అని తర్వాత తెలిసింది.

ఆ సాధనకు కారణం ఆవిడ కెమెరా. మా వీధి చివర పాత రేడియోలు, ఆగిపోయిన గడియారాలు అమ్మే కొట్టు ఒకటుంది. అక్కడ అద్దాల బీరువా అడుగు అరలో దుమ్ము కొట్టుకుని పడి ఉంటే, పెళ్లయిన రెండో ఏడు ఆవిడ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. అరచేతిలో ఇమిడే చిన్న వస్తువు. బ్యాటరీ మూత నిలవదు, దానికో రబ్బరు బ్యాండు. లెన్సుకి మూత లేదు, అందుకని ఒక పాత కళ్లజోడు పెట్టెలో పడుకోబెడుతుంది. ఆవిడ పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో కాబట్టి అలాంటి పెట్టెలకు మాకు లోటు లేదు. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు లోపం ఏమిటంటే అది బటన్ నొక్కగానే ఫోటో తీయదు. లోపల గురగురమంటుంది, మూతి ముందుకు చాపుతుంది, వెనక్కి లాక్కుంటుంది, ఆలోచిస్తుంది, అప్పుడు గానీ క్లిక్కుమనదు. ఈలోగా కేకు కోసినవాడు కోసి, పంచి, తిని, చెయ్యి కడుక్కుని వస్తాడు.

దానికి నేను నిదానం అని పేరు పెట్టాను. వెక్కిరింతకు పెట్టిన పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. “నిదానాన్ని ఎండలో పెట్టకండి”, “నిదానానికి ఇవాళ ఒంట్లో బాగాలేదు” అని మేము మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చినవాళ్లు లోపలి గదిలో ఎవరో పెద్దాయన ఉన్నాడనుకుని గొంతు తగ్గించేవారు.

ఇంకొకరైతే ఆ కెమెరాను వారం తిరక్కుండా కొట్టువాడి మొహాన కొట్టి వచ్చేవారు. మా ఆవిడ మొండిది. కెమెరా మారదు కదా అని తనే మారింది. జరగబోయేది ముందే పసిగట్టి, జరగకముందే నొక్కడం నేర్చుకుంది. ఈతకొలను గట్టు మీద నిలబడ్డ పిల్ల దూకబోయే ముందు కాలివేళ్లు ముడుచుకుంటుంది. ఆ వేళ్లు ముడుచుకున్నప్పుడు నొక్కితే, నిదానం తన ఆలోచన తాను ముగించుకునే సరికి పిల్ల గాల్లో ఉంటుంది. ఉపన్యాసం చెప్పేవాడు బల్ల మీద గుద్దే ముందు కాగితాలు పక్కకు జరుపుతాడు. పాడేవాళ్లు పై స్థాయి అందుకునే ముందు మడమలు కొంచెం లేపుతారు. ఇలాంటివి ఆవిడ దగ్గర బోలెడు. వీటన్నిటి సాధనకూ ఇంట్లో ఉచితంగా దొరికిన మనిషిని నేను. నా ఆవులింతలు, తుమ్ములు, కుర్చీలోంచి లేవబోతూ మళ్లీ కూలబడటాలు, అన్నీ నిదానం కడుపులో ఉన్నాయి. తల దువ్వుకున్న ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

ఒకసారి అడిగాను కూడా.

“అందరివీ తీస్తావు. నన్ను ఒక్కసారి నిలబెట్టి సరిగ్గా ఒక ఫోటో తీయొచ్చుగా?”

“నిలబెడితే అది మీరు కాదండీ” అంది. “రోజంతా దుకాణంలో చూస్తూనే ఉన్నాను. చేతికి అద్దం ఇవ్వగానే ఎంత మంచివాళ్లయినా వేరే మొహం తగిలించుకుంటారు. ఆ మొహం నాకొద్దు.”

అందుకే ఆవిడ కూచోబెట్టి ఎవరినీ తీయదు. ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. పిల్లల పరుగు పందేలు, ఈత పోటీలు, ఆదివారం పాట కచేరీలు, ఎవరో రిటైరైన సభలు, ఎక్కడ నలుగురు చేరి చప్పట్లు కొడతారో అక్కడ మా ఆవిడ ఒక మూల ఉంటుంది. స్టాండు కొనలేదు. పాత దిండు గలీబు కత్తిరించి గట్టి గింజలు పోసి ఒక సంచి కుట్టింది. దాన్ని ముందు కుర్చీ వీపు మీద వేసి, నిదానాన్ని దాని మీద ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు నొక్కుతుంది. కెమెరాకు ఉన్న ఫ్లాష్ మీద నల్ల ప్లాస్టరు అంటించి ఉంటుంది. ఆ ప్లాస్టరు వెనక మా అత్తగారి ఆజ్ఞ ఉంది, దాని సంగతి చెబుతాను. నా వంతు, బేకరీ వ్యాను తోలి మధ్యాహ్నానికి ఖాళీ అయ్యాక, మడత స్టూలు మోయడం. ఈ ఊళ్లో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఫోటోలమ్మగారి స్టూలాయన అంటే చంటిపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు.

ఇక మా మామగారు. ఆయన నీళ్ల సరఫరా ఆఫీసులో మీటర్లు బాగుచేసి రిటైరైన మనిషి. కానీ ఎవరైనా ఏం చేసేవారు అని అడిగితే మీటర్ల ఊసెత్తరు, నాటకాలు వేస్తాను అంటారు. పగలంతా పనులు చేసుకునేవాళ్లు సాయంత్రాలు కలిసి నడుపుకునే నాటక సమాజం ఒకటుంది. పాత గోదాము ఒకటి తీసుకుని హాలు చేసుకున్నారు. ఆయన యవ్వనం, నడివయసు, మోకాళ్లు అన్నీ ఆ హాల్లోనే అరిగిపోయాయి.

ఆ హాలు మెట్ల పక్క గోడ మీద వరసగా ఫోటోలు వేలాడుతుంటాయి. ఆఖరి నాటకం ఆడేసి రంగస్థలం దిగిపోయిన నటులవి. ఆ గోడకు ఒక కట్టుబాటు ఉంది. జనం కూర్చుని చూస్తుండగా, నాటకం నడుస్తుండగా తీసిన ఫోటో అయితేనే గోడ ఎక్కుతుంది. వేషం కట్టి స్టూడియోలో నిలబడింది పనికిరాదు, రిహార్సల్లో తీసింది కూడా పనికిరాదు. సమాజం పెట్టిన పెద్దాయన పెట్టిన నియమం అది. ఇప్పటి కార్యదర్శి ఆయన కంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు, నియమం దగ్గర కన్నతండ్రినైనా బయట నిలబెట్టే రకం.

మా మామగారి చిక్కల్లా ఆయన కళ్లు. గొప్ప డైలాగు రాగానే ఆయనకు కళ్లు మూతపడతాయి. “భావం లోపలికి దిగితే రెప్పలు వాటంతటవే వాలతాయి” అని ఆయన సమర్థన. హాల్లో కూర్చున్నవాళ్లకు అది తెలియదు, గొంతు వాళ్లను లాక్కుపోతుంది. ఫోటోకు గొంతు ఉండదు కదా. ఇన్నేళ్లలో రకరకాల మనుషులు తీసిన రకరకాల ఫోటోల్లో రాజైనా, రైతైనా, హంతకుడైనా అందరూ నిద్రపోతున్నారు. ఒకసారి కార్యదర్శి వాటిని తిరగేసి, “ఈయన్ని గోడ మీద పెడితే మెట్లెక్కేవాళ్లు ఆవులిస్తారు” అని నవ్వాడు. ఆ మాట మామగారికి బాగా తగిలింది. పైకి తనూ నవ్వారు, కానీ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయారు.

ఆ ఏడాది ఆయన మోకాళ్లు మొరాయించాయి. స్టేజి మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. తనే చెప్పేశారు, ఈసారి వేసేది ఆఖరి నాటకమని. ఒకే ఒక్క ఆట, ఆదివారం మధ్యాహ్నం. నాతో ఇంటి అరుగు మీద కూర్చుని అన్నారు:

“ఇన్నేళ్లు ఆ హాల్లో అరిచాను అల్లుడూ. రేపు పొద్దున కొత్తగా వచ్చిన కుర్రాడు మెట్లెక్కుతూ ఎవరీయన అని అడగాలి. అంతకంటే నాకేం వద్దు. ఆ ఆదివారం నా కళ్లు తెరిచి ఉన్న ఫోటో ఒక్కటి రాకపోతే, నేను అక్కడ లేనట్టే.”

ఆయన అంత సూటిగా ఏదీ అడగగా నేను వినలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి విన్నది.

ఇక్కడ అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ ఆ సమాజానికి ప్రాంప్టరు. నాటకం జరుగుతున్నంతసేపూ స్టేజి పక్కన తెర చాటున, జనానికి కనపడకుండా, ఒక చిన్న కుర్చీలో నాటకం పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా మాట మరిచిపోతే మొదటి ముక్క అందిస్తుంది. పెళ్లైన కొత్త నుంచీ అదే కుర్చీ. నటులంతా ఆవిడకు దణ్ణం పెట్టి గానీ స్టేజి ఎక్కరు, ఒక్క మామగారు తప్ప. “నాకు ప్రాంప్టింగ్ అక్కర్లేదు. నాకు ఒక్క మాటా పోదు. ఇంట్లో తోచక మీ అత్తగారు అక్కడ కూర్చుంటుంది” అని ఆయన పదిమందిలో అంటారు. అత్తగారు కాదనదు. “అవును, నాకు తోచకే” అని కళ్లజోడు తుడుచుకుంటుంది. ఫ్లాష్ మీద ప్లాస్టరు వేయించింది ఆవిడే. “కళ్లలో మెరుపు కొడితే మనిషికి మాట పోతుంది. పోయిన మాట వెతికి తెచ్చేది నేను, మీరు కాదు” అంది. ఆ హాల్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

నాటకంలో మామగారిది ముసలి జడ్జి వేషం. అన్యాయమైన తీర్పు రాయమని అందరూ ఒత్తిడి చేస్తుంటే, చివర్లో కళ్లజోడు తీసి, కలం బల్ల మీద పెట్టి, “ఈ తీర్పు రాసే చెయ్యి నాది కాదు” అంటాడు. నాటకమంతా ఆ మాట కోసమే. ఆ కళ్లజోడు కూడా మా ఆవిడే తయారుచేసింది, లైట్లకు మెరవకుండా అద్దాలు లేని ఉత్త ఫ్రేము.

ఆవిడ దుకాణం మూయగానే రోజూ రిహార్సల్‌కు వెళ్లి తండ్రిని చదవడం మొదలుపెట్టింది. పరీక్షకు కూర్చునే పిల్ల కూడా అంత చదవదు. మాట అందుకునే ముందు ఆయన కుడి చెయ్యి కళ్లజోడు కాడ పట్టుకుంటుంది, అది మొదటి గుర్తు. మాట అంటున్నంతసేపూ కళ్లు మూసే ఉంటాయి. కానీ చివరి “కాదు” దగ్గర రెప్పలు ఒక్కసారి పైకి లేచి మళ్లీ వాలిపోతాయి. ఇది ఆయనకే తెలియదు. మా ఆవిడ కనిపెట్టింది. “నాది” అన్నప్పుడు నొక్కితే, నిదానం గురగురలాడి “కాదు” దగ్గరకు చేరుతుంది. రిహార్సల్స్‌లో అలాగే తీసి చూపించింది. కొంచెం మసగ్గా ఉన్నా, మా మామగారు జీవితంలో మొదటిసారి నాటకంలో కళ్లు తెరిచి ఉన్నారు. ఆయన ఆ చిన్న తెరను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు.

ఇక అంతా కుదిరినట్టే కదా. అక్కడే మామగారికి భయం పట్టుకుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, సొంత కూతురి కెమెరా సంగతీ అంతే. ఆదివారం పొద్దున్నే ఆయన మేనల్లుడు, మా ఆవిడకు బావ, భుజాన పెద్ద నల్ల సంచితో దిగాడు. అతనికి ఫోటో స్టూడియో ఉంది. మధ్యాహ్నం వేరే పని ఉండి తను రాలేడట, అందుకని మామయ్య అడిగాడని తన పెద్ద కెమెరా ఇచ్చి పోవడానికి వచ్చాడు. సంచిలోంచి తీస్తే అది మా ప్రెషర్ కుక్కరంత ఉంది.

“ఇదెందుకు నాన్నా?” అంది మా ఆవిడ.

“ఈ ఒక్కసారికి ఇది పట్టుకో అమ్మడూ. నీ చేతి మీద నాకు నమ్మకమే. ఆ రబ్బరు బ్యాండు మీద లేదు. సరిగ్గా ఆ టైముకి అది తెగితే నేనేం కావాలి?”

“పోనీ నిదానాన్ని కూడా దగ్గర పెట్టుకుంటాను.”

“రెండు పడవల మీద కాళ్లు వద్దు. ఏదో ఒకటి పట్టుకో.”

బావ ఉత్సాహంగా ఒక బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఆ కెమెరా టకటకటకా వరసగా మోగింది. “ఇలా పట్టుకుంటే చాలు, వచ్చినన్ని వస్తాయి. అందులో ఒకదాంట్లోనైనా కళ్లు తెరుచుకోవా” అన్నాడు.

అత్తగారు వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చింది. “ఆ చప్పుడుతో నా హాల్లోకి అడుగుపెట్టకండి. కుట్టుమిషను నడిపినట్టుంది. ఒక్కో క్లిక్కూ విడివిడిగా తీస్తే రండి, లేకపోతే ఇంట్లో కూర్చోండి.”

మా ఆవిడ అటు తండ్రినీ ఇటు తల్లినీ చూసి, “సరే నాన్నా” అంది. నిదానాన్ని కళ్లజోడు పెట్టెలో పెట్టి అలమరలో ఉంచి, అలమర తలుపు వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నమ్ముకున్నదాన్ని అసలు రోజున ఇంట్లో వదిలిపెట్టమంటే ఎలా? అల్లుణ్ణి కాబట్టి నోరు మూసుకుని స్టూలు చంకన పెట్టుకున్నాను.

హాలు నిండింది. మా చోటు మామూలుగా మూడో వరస చివర, స్తంభం పక్కన. మా ఆవిడ గింజల సంచి ముందు కుర్చీ మీద వేసి, ఆ పెద్ద కెమెరా దాని మీద పెడితే సంచి పాపం అణిగిపోయింది. తెర లేచింది. మామగారు జడ్జి కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన గొంతు విప్పగానే వెనక వరసలో దగ్గు కూడా ఆగిపోయింది. ఆ రోజు ఆయన ఎంత బాగా చేశారో చెప్పడానికి నాకు చదువు చాలదు. మోకాళ్ల నొప్పితో కుర్చీ పట్టుకుని లేవడం కూడా జడ్జి బాధలాగే ఉంది.

మొదటి రంగంలోనే పక్కన మా ఆవిడ బిగుసుకుపోవడం తెలిసింది. ఒంగి చెవిలో అడిగాను.

“ఇది వెంటనే తీసేస్తోందండీ” అంది గుసగుసగా.

నాకు మొదట అర్థం కాలేదు. వెంటనే తీయడం మంచిదే కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఆవిడ చెయ్యి నిదానం కోసం తయారైన చెయ్యి. జరగకముందే నొక్కేస్తుంది. ఈ పెద్ద కెమెరాకు ఆలోచన లేదు, నొక్కడం ఆలస్యం తీసి పారేస్తుంది. అంటే ఆవిడ తీసినవన్నీ జరగక ముందు ఫోటోలే. తలుపు తెరుచుకోకముందు, చెంపదెబ్బ పడకముందు, ఏడుపు రాకముందు. ఆగి నొక్కుదామని ఆవిడ చూసింది, కానీ అలవాటైన వేలు మనసు మాట వినదు. బలవంతంగా ఆపితే మరీ ఆలస్యమైపోయేది.

చివరి రంగం వచ్చింది. మామగారి చెయ్యి కళ్లజోడు కాడ పట్టుకుంది. టక్కుమని చప్పుడైంది, ఆయన ఇంకా నోరు విప్పలేదు. మా ఆవిడ పెదవి కొరుక్కుంది. “ఈ తీర్పు రాసే చెయ్యి” అన్నారాయన. హాలంతా ముందుకు వంగింది. “నాది” అనగానే మళ్లీ టక్కుమంది. “కాదు” అన్నప్పుడు ఆవిడ వేలు గాల్లోనే ఉండిపోయింది. ఆ పైన చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు, నేను కూడా నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

మామగారు చెమటతో, రంగుతో, ఇద్దరి భుజాల మీద చేతులు వేసి దిగి వచ్చారు. అందరూ ఆయన చేతులు పట్టుకుని ఊపుతున్నారు. ఆయన కళ్లు కూతుర్ని వెతికాయి.

“వచ్చిందా అమ్మడూ?”

“ఇంటికెళ్లి చూద్దాం నాన్నా” అంది ఆవిడ. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు, అందుకని కెమెరా తాడు సర్దుకుంటూ తల దించుకుంది.

సాయంత్రానికి బావ తన ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. మామగారు ఎదురుగా కుర్చీ వేసుకున్నారు, చెవి వెనక ఇంకా రంగు పోలేదు. అత్తగారు వెనక నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. నేను మా ఆవిడ పక్కన నిలబడ్డాను, ఇంకేం చేయగలను.

ముందుగా బావ ఆఖరి ఫోటో తెరిచాడు. తెర నిండా మామగారి మొహం. కళ్లు మూసి ఉన్నాయి.

“ఎంత స్పష్టంగా ఉందో చూడు మావయ్యా. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు” అన్నాడు బావ. సమయానికి తగు మాటలు కొందరికే వస్తాయి.

ఎవరూ నవ్వలేదు. మామగారు కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలారు. “పోన్లే” అన్నారు. ఆయన గొంతు అంత సన్నగా ఉండగలదని నాకు అప్పుడే తెలిసింది.

“నా తప్పే నాన్నా. ముందే నొక్కేశాను. అన్నీ ముందే నొక్కేశాను” అంది మా ఆవిడ. అని, ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు దాని ముందు ఫోటోకు జరిపింది.

అది కళ్లజోడు కాడ పట్టుకున్నప్పటిది. చేతిలో ఉత్త ఫ్రేము, మూసిన నోరు. కళ్లు మాత్రం విప్పారి ఉన్నాయి. జనం వైపు కాదు, కొంచెం పక్కకు, తెర చాటు వైపు చూస్తున్నారు. పరిగెత్తుకుంటూ వచ్చిన మనిషికి బస్సు ఇంకా కదలలేదని తెలిస్తే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. అది జడ్జి మొహం కాదు, మీటర్లు బాగుచేసే మనిషి మొహమూ కాదు. అంత హాయిగా ఉన్న మామగారిని నేను అంతవరకూ చూడలేదు.

“ఎటు చూస్తున్నావు నాన్నా ఇందులో?” అంది మా ఆవిడ మెల్లగా.

“ఎటూ లేదు. జడ్జి ఆలోచిస్తున్నాడు.”

ఆవిడ ఇంకా వెనక్కి జరిపింది. రెండో రంగంలో పెద్ద మాటకు ముందు తీసింది, అందులోనూ అదే చూపు. మొదటి రంగంలో కోపం తెచ్చుకోబోయే ముందు తీసింది, అదే చూపు. రిహార్సల్స్ అన్నిట్లోనూ ఆ క్షణంలో మా ఆవిడ కళ్లు ఆయన చేతి మీద ఉండేవి, గుర్తు కోసం. ఆ క్షణాన్ని నిదానం ఆలోచనకు ఖర్చు పెట్టేది. అందుకే ఆ చూపు ఎవరికీ దొరకలేదు.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. “నన్నే” అంది. “మాట పోయినప్పుడల్లా ఇలాగే చూస్తారు. నేను మొదటి ముక్క అందిస్తాను, ఈయన అందుకుంటారు. అక్కర్లేదు అక్కర్లేదంటూనే, ప్రతి నాటకంలో ప్రతి పెద్ద మాటకీ నేను అందిస్తూనే ఉన్నాను. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.”

ఇన్నేళ్ల గొప్పలూ బల్ల మీద పడిపోయాయి. నేను మామగారి వైపు చూడలేక పక్కనున్న నీళ్ల జగ్గు చూశాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“నాకు ఎప్పుడూ మాట పోలేదు” అన్నారు.

“మరి ఎందుకు చూడటం?”

“నువ్వు ఉన్నావా లేదా అని.”

అత్తగారు కొంగు వదిలేసి ఆయన వైపు తిరిగింది.

“పెద్ద మాట ముందు గుండె దడదడలాడుతుంది. నువ్వు ఆ కుర్చీలో కనపడితే తగ్గుతుంది. చూస్తాను, నువ్వు ఉంటావు, ఇక కళ్లు మూసుకుని చెప్పేస్తాను. అంతే.” ఆయన ల్యాప్‌టాప్ వైపే చూస్తూ అన్నారు. “నువ్వు అందిస్తుంటే వద్దనడం ఎందుకని ఊరుకున్నాను.”

“అంటే ఇన్నేళ్లూ నా గొంతు ఉత్త పుణ్యానికి అరగదీసుకున్నానన్నమాట” అంది అత్తగారు. కళ్లజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. మా ఆవిడ లేచి తల్లికి కుర్చీ ఇచ్చింది. బావకు ఏం జరుగుతోందో తెలియక, “ఇందులో కూడా చాలా స్పష్టంగా ఉంది అత్తయ్యా” అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం. మామగారు నవ్వి నవ్వి మోకాలు పట్టుకున్నారు.

మర్నాడు ఆ ఫోటో కార్యదర్శి దగ్గరకు పట్టుకెళ్లాం. అడుగడుక్కీ అడ్డం పడే మనిషి కదా, “డైలాగు చెబుతున్నట్టు లేదు. చూపు కూడా జనం వైపు లేదు” అన్నాడు.

“జనం ఎదురుగా కూర్చుని ఉండగా తీసిందేనా?” అన్నారు మామగారు.

“తీసిందే.”

“నాటకం నడుస్తుండగా?”

“నడుస్తుండగానే.”

“కళ్లు తెరిచి ఉన్నాయా?”

కార్యదర్శి నియమం మనిషి. నియమంలో ఉన్నదానికి కాదని అనడు. మేకు ఎక్కడ కొట్టాలో కూడా మామగారే చూపించారు. మెట్ల పై చివర, స్టేజి పక్కకు వెళ్లే చిన్న తలుపు ఉన్న వైపు. అక్కడ పెడితే ఆ చూపు సరిగ్గా ఆ తలుపు మీద పడుతుంది.

పెద్ద కెమెరా బావకు వెళ్లిపోయింది. నిదానం అలమరలోంచి బయటికొచ్చింది, కొత్త రబ్బరు బ్యాండు కూడా పడింది. ఆ బ్యాండు మామగారే తెచ్చి, క్షమించమని కెమెరాకు చెప్పి తగిలించారు, కూతురికి చెప్పలేదు. మా ఆవిడ ఇప్పుడు ఒకటి అదనంగా చేస్తుంది. గుర్తు చూసి వేలు నొక్కగానే కళ్లు మొహం మీదికి వెళ్తాయి. “ఫోటో రాకపోయినా ఆ ముందు క్షణం నేనైనా చూడాలి కదండీ” అంటుంది. ఈ మధ్య నేను తుమ్మబోయే ముందు గ్లాసు తీసి పక్కన పెట్టి, నా మొహం చూసి నవ్వుతోంది. అప్పుడు నేను ఎలా ఉంటానో అడగడానికి ధైర్యం చాలడం లేదు.

అత్తగారు ఇంకా ప్రాంప్టరే. కొత్తవాళ్లకు మాటలు పోతూనే ఉంటాయి. రిహార్సల్ రోజుల్లో మామగారు కూడా వెంట వచ్చి, మెట్లెక్కలేక కింద బల్ల మీద కూర్చుంటారు. ఆవిడ నాటకం పుస్తకం చంకన పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, ఆ ఫోటో దగ్గర ఆగి, లోపలికి వెళ్లబోతూ, “ఈ తీర్పు...” అని మెల్లగా మొదటి ముక్క అందిస్తుంది. కింద నుంచి ఆయన, “నాకు గుర్తుందిలే, నువ్వు వెళ్లి కూర్చో” అంటారు.